ప్రతిసారీ అబ్బా ఇజాజత్ కావాలా?

"అబ్బా, మళ్ళీ అడుగుతోంది!"

2025 ఆగస్టు నెలాఖరు నుంచి కొన్ని వారాలపాటు మా అమ్మాయి నుంచి నాకొచ్చిన ఫోన్లలో సగం ఇవే. నేను దుకాణంలో గిరాకీ మధ్య ఉండేవాణ్ణి. తను ఇంట్లో కంప్యూటర్ ముందు డిప్లొమా ప్రాజెక్టుతో కుస్తీ పడుతుండేది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, ఏదో సెటప్ మొదలైనట్టు ఒక పెట్టె వచ్చేది. కాసేపు గీత నిండేది. తర్వాత అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలనేది. సాయంత్రం నేను ఇంటికెళ్ళి కొట్టి ఇచ్చేవాణ్ణి. మరుసటి రోజు మళ్ళీ అదే తమాషా.

తనది లిమిటెడ్ అకౌంట్. అంటే పని చేసుకోవచ్చు, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదు. ఇప్పటి విండోస్‌లో దీన్ని స్టాండర్డ్ యూజర్ అంటారు. ఇంటి హిఫాజత్ కోసం నేనే అలా పెట్టాను.

అదే సమయంలో మా అబ్బాయి కూడా గొణుగుడు మొదలెట్టాడు. రోజూ ఈ తక్లీఫ్ ఎవరు పడతారని వాడి అకౌంట్‌ని అడ్మిన్ చేసేశాను. పదో తరగతి పిల్లవాడికి ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టు! అమ్మాయి ఒకటే సవాల్ అడిగింది. "వాడికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. నాకు మాత్రం ప్రతిసారీ కావాలి. ఎందుకబ్బా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు గోల చేశాడు, తను ఓపిక పట్టింది. అంతే తేడా. మన ఇళ్ళల్లో చాలా ఫైసలాలు ఇలాగే జరుగుతాయి. గోల చేసినవాడికి హఖ్ దొరుకుతుంది, సబర్ చేసినవాళ్ళకి ఇంకాస్త సబర్ దొరుకుతుంది.

పది రోజుల్లోనే నతీజా కనిపించింది. ఫ్రీ గేమ్ అంటూ వాడు దించుకున్నదాని వెనక ఇంకేవేవో దిగాయి. అడిగిన ప్రతిదానికీ 'ఎస్' కొట్టాడు. బ్రౌజర్ తెరిస్తే తెలియని పేజీలు. చివరికి విండోస్ మళ్ళీ వేయించాల్సి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో లేని ఫోటోలు పోయాయి. మా అమ్మీ ఆఖరి ఈద్ నాటివి కూడా వాటిలో ఉన్నాయి. వాణ్ణి తిట్టలేదు. గలతీ వాడిది కాదు, నాది.

కంప్యూటర్ తిరిగొచ్చాక అందరినీ మళ్ళీ లిమిటెడ్‌లో పెట్టాను. అమ్మాయి సాఫ్ట్‌వేర్ వేశాను. మళ్ళీ అదే పెట్టె! ఈసారి పాస్‌వర్డ్ కొట్టి లేచిపోకుండా, అసలు మర్జ్ ఏమిటో చూద్దామని కూర్చున్నాను.

తెలుసుకున్నది ఇదీ. చాలా సాఫ్ట్‌వేర్లలో రెండు భాగాలుంటాయి. ఒకటి మొత్తం కంప్యూటర్‌కి చెందినది, అది అడ్మిన్ ఒక్కసారి వేస్తే చాలు. రెండోది ఒక్కో యూజర్‌కి చెందిన సెట్టింగులు. యూజర్ ప్రోగ్రాం తెరిచినప్పుడు విండోస్ ఇన్‌స్టాలర్ అన్నీ చోట్లో ఉన్నాయా లేదా అని చూస్తుంది. తన లెక్కలో ఏదైనా తగ్గితే తానే రిపేరు మొదలెడుతుంది. ఆ రిపేరు పూర్తి కావాలంటే కొన్నిసార్లు అడ్మిన్ హక్కు కావాలి. లిమిటెడ్ అకౌంట్‌కి ఆ హక్కు లేదు. రిపేరు సగంలో ఆగుతుంది. రేపు తెరిస్తే లోటు అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ మొదలు. గానుగెద్దు తిరిగినట్టు.

ఆగస్టులోనే ఇది ఎందుకు ముదిరిందో కూడా అప్పుడే అర్థమైంది. ఈ రిపేరు దారిలో ఒక భద్రతా లోపం ఉందని, దాన్ని మూయడానికి మైక్రోసాఫ్ట్ 2025 ఆగస్టు అప్‌డేట్‌లో నియమం బిగించింది. దాంతో అంతకుముందు చప్పుడు లేకుండా జరిగిపోయే రిపేర్లకు కూడా స్టాండర్డ్ యూజర్లను అడ్మిన్ పాస్‌వర్డ్ అడగడం మొదలైంది. ఆఫీస్ 2010 లాంటి పాతవాటిలో 1730 అనే ఎర్రర్ వచ్చి పని ఆగిపోయింది. సెప్టెంబర్ అప్‌డేట్‌లో ఆ బిగింపును కొంత సడలించారు. నేను ఆ అప్‌డేట్ వేయకుండా రోజుల తరబడి వాయిదా వేస్తూ కూర్చున్నాను.

ఇక ఇలాజ్. ముందు పెండింగ్ అప్‌డేట్లు అన్నీ వేయండి. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో 'ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్' పేరుతో ఉన్న 1001, 1004 నంబర్ల ఎంట్రీలు చూడండి. ఏ ప్రోగ్రాంలో ఏది లేదని గొడవో అక్కడే రాసి ఉంటుంది. అడ్మిన్ అకౌంట్‌లోకి వెళ్ళి, ఒరిజినల్ సెటప్ దగ్గర పెట్టుకుని, కంట్రోల్ ప్యానెల్ నుంచి ఆ ప్రోగ్రాంని రిపేర్ చేయండి. ఒకే సాఫ్ట్‌వేర్‌వి రెండు వెర్షన్లు పక్కపక్కన ఉంటే అక్కర్లేనిది తీసేయండి. అవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటూ ఈ పెట్టెని రప్పించడం మామూలే.

అప్పటికీ తగ్గకపోతే ఆ లిమిటెడ్ అకౌంట్‌నే కాసేపు అడ్మిన్ చేయండి. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవండి. ప్రోగ్రాం ఒకసారి తెరిచి, సెటప్ పూర్తి కానివ్వండి. వెంటనే స్టాండర్డ్‌కి మార్చేయండి. ఈ చివరి మాట మరిచిపోతే చేసిందంతా బేకార్. మా అమ్మాయి విషయంలో పనిచేసింది ఇదే. మొత్తం అరగంట పని. దానికోసం ఎన్ని ఫోన్లు, ఎన్ని సాయంత్రాలు!

పెట్టె వచ్చినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టేస్తే పోలేదా అంటారేమో. అసలు నుక్సాన్ అక్కడే ఉంది. 'నాన్నా పులి' కథ మనందరికీ తెలిసిందే. రోజూ ఉత్తుత్తి పెట్టెకి కళ్ళు మూసుకుని 'ఎస్' కొట్టడం అలవాటైతే, నిజం పులి వచ్చిన రోజు కూడా 'ఎస్' కొడతాం. ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పేస్తే ఇంకా ఘోరం. అందుకే ఈ పెట్టెని భరించకూడదు, దానికి భయపడి అందరినీ అడ్మిన్లు చేయకూడదు. దాని జడ తీయాలి.

ఇంకో మాట, ఇది నాలాంటి తండ్రులకి. లిమిటెడ్ అకౌంట్ అంటే షక్ కాదు, సజా కాదు. అలా అని పిల్లలకు నమ్మకం కలగాలంటే ముందు మనం కూడా అందులోనే ఉండాలి. ఇన్నాళ్ళూ నేను అడ్మిన్ అకౌంట్‌లోనే పేపరు చదివేవాణ్ణి, వీడియోలు చూసేవాణ్ణి. ఇప్పుడు మా నలుగురివీ స్టాండర్డ్ అకౌంట్లే. అడ్మిన్ వేరుగా ఉంది, ఇన్‌స్టాల్ పనికి తప్ప దాన్ని ముట్టుకోం.

దాని పాస్‌వర్డ్ నాకూ, మా బేగంకీ, మా అమ్మాయికీ తెలుసు. అవును, అమ్మాయికి ఇచ్చాను. "ఇది అమానత్ బేటీ" అన్నాను. ఈవెంట్ వ్యూయర్ చదవడం నాకంటే బాగా నేర్చుకున్నది తనే. జిమ్మేదారీ మోయగలవాళ్ళకే తాళం ఇవ్వాలి. అబ్బాయా అమ్మాయా, గోల చేశారా ఊరుకున్నారా అని కాదు. వాడికీ చెప్పాను, నేర్చుకుంటే నీకూ ఇస్తానని.

ఈ ఆదివారం ఒక పావుగంట తీయండి. మీ కంప్యూటర్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, ఎవరెవరు అడ్మిన్లో చూడండి. వాళ్ళకి ఆ హోదా ఎందుకిచ్చారో గుర్తు చేసుకోండి. జవాబు "విసిగించాడని ఇచ్చాను" అయితే, ఆ రోజే సరిచేయండి. ఫోటోలు ఇంకో చోట దాచారో లేదో కూడా చూసుకోండి.