బిగువు తగ్గితే తీపి తగ్గుతుంది!

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లలు వస్తూ వస్తూ మేపుల్ సిరప్ సీసా తెచ్చారా? "ఏముంది, పల్చటి బెల్లప్పాకమేగా" అని పక్కన పెట్టేయకండి. దాని వెనకున్న శ్రమ తెలిస్తే చుక్క కూడా పారబోయరు!

ఈ సిరప్ ఎక్కువగా తయారయ్యేది కెనడాలోని క్యూబెక్‌లో. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాల్లోనే మేపుల్ చెట్టు రసం కారుతుంది. పూర్వం చెట్టుకో బకెట్ తగిలించేవారు. ఇప్పుడు మానుకి చిన్న రంధ్రం చేసి, చెట్టు నుంచి చెట్టుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం లాగి, పెద్ద గొట్టంలో కలుపుతారు.

కిటుకంతా ఆ లాగడంలోనే ఉంది. బట్టలారేసే తాడు వదులైతే మధ్యలో జారిపోతుంది కదా, ఇదీ అంతే. జారినచోట రసం నిలిచిపోతుంది. రాత్రికి గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఎండ తగిలితే పాడవుతుంది. అందుకే 100 అడుగులకి కనీసం 2 అడుగుల వాలు ఉండేలా చూసి, పెద్ద గొట్టాన్ని ఉక్కు తీగకి కట్టి బిగిస్తారు. సన్న గొట్టాన్ని చెట్లకి అటొకసారి, ఇటొకసారి ఆనించి లాగితే దానంతటదే బిగుసుకుంటుంది. కొమ్మ పడిందా, ఉడుత కొరికిందా అని తరచూ చూసుకోవాలి.

ఇంతా చేసి సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే వచ్చేది 1 లీటరు సిరప్! అందుకే మూత తీశాక సీసాని ఫ్రిజ్‌లోనే ఉంచండి. బయట పెడితే బూజు పడుతుంది సుమా! వేడివేడి అట్టు మీద చెంచాడు చాలు.