గొంతు కలిపితేనే దీక్ష

సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చిని మీరు చూసే ఉంటారు. ఈస్టరుకు ముందు వచ్చే 40 రోజుల దీక్షను తెలుగు క్యాథలిక్కులు ‘తపస్సుకాలం’ అంటారు. ఆ రోజుల్లో వారి పూజలో ఆనందగానమైన ‘అల్లెలూయ’ వినిపించదు. వాద్యాలు సాధారణంగా గానానికి ఊతంగానే మోగాలన్నది నియమం. దీక్షాకాలంలో భక్తుల కంఠానిదే ప్రాధాన్యం.

మన ధనుర్మాసం చెప్పేదీ ఇదే కదా! తిరుప్పావై 30 పాశురాలలో పదింటిని గోదాదేవి చెలులను నిద్రలేపడానికే వినియోగించింది. ఒంటరిగా పాడుకోవడం ఆమెకు చాలలేదు. నేడు చాలాచోట్ల ఆ పని ధ్వనివర్ధకానికి అప్పగించి మనం శ్రోతలుగా మిగిలిపోయాం. యంత్రం పాడితే పుణ్యం మనకు దక్కుతుందా? రానున్న ధనుర్మాసంలో ఒక్క పాశురమైనా ఇంటిల్లిపాదీ కలిసి పాడండి. శ్రుతి తప్పినా స్వామి మన్నిస్తాడు.