ఆయాసం ముసలితనం కాదు

మన వాడల్లో నలభై అయిదేళ్ళ మనిషి నాలుగడుగులేసి అరుగు మీద కూలబడితే "పెద్దోడైపోయాడు" అంటారు. పొద్దున్నే దగ్గి దగ్గి తెమడ ఊస్తుంటే "బీడీలు తాగాడు, అనుభవిస్తున్నాడు" అంటారు. మొదటి మాట అబద్ధం. రెండోది సగం నిజం, అందుకే అబద్ధం కన్నా ప్రమాదం. నేరమంతా రోగి నెత్తిన రుద్ది మిగతా అందర్నీ వదిలేస్తుంది.

ఈ జబ్బు పేరు సీఓపీడీ. ఏళ్ళ తరబడి పొగా దుమ్మూ తగిలి ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు వాచి ఇరుకైపోతాయి. వాటి చివరనుండే గాలి తిత్తులు సాగి పాడైపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే కూచుంటే కొత్త గాలికి చోటేదీ? అదే ఆయాసం. ఇది అంటుకునే జబ్బు కాదు. టీబీ కూడా కాదు, కానీ టీబీ వచ్చి తగ్గినవాళ్ళకి దీని ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో 35 లక్షల మంది దీంతో పోయారు. మనుషుల్ని చంపే కారణాల్లో ఇది నాలుగోది.

ఆ సంస్థే ఇంకో మాట చెప్పింది. డబ్బున్న దేశాల్లో ఈ జబ్బుకి 70 శాతానికి పైగా పొగతాగడమే కారణం. బీద దేశాల్లో అది 30-40 శాతమే. మరి మిగతాది ఎక్కడిది? కిటికీ లేని ఒంటిగదిలో పత్తికట్టె, కందికట్టె, పిడకలు పెట్టి వండే తల్లుల్నడగండి. జన్మలో చుట్ట ముట్టని ఆడమనిషికి ఈ జబ్బు పొయ్యి దగ్గరే అంటుకుంటోంది. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము, ఆదోని జిన్నింగ్ మిల్లుల దూది నుసి, ఊరూరా రైసుమిల్లుల ఊక దుమ్ము పీల్చేదెవరు? ఊరి నడుమ మేడలవాళ్ళా, ఊరవతల వాడలవాళ్ళా? కులం పనిని పంచింది. పని దుమ్ముని పంచింది.

రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, దూది నుసితో వచ్చే బిసినోసిస్ 1948 ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులోకి ఎక్కాయి. 2020 వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. సీఓపీడీ పేరు ఆ జాబితాలో లేదు. పేరు లేని జబ్బుకి యజమాని జవాబెందుకు చెప్తాడు? "నీ బీడీ వల్లే" అని చేతులు దులుపుకుంటాడు.

ఇక వైద్యం సంగతి. ఆయాసమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, నాలుగు బిళ్ళలు. ఆ పూటకి తెరిపిస్తుంది. స్టెరాయిడ్ బిళ్ళలు అదేపనిగా మింగితే ఎముకలు గుల్లబారతాయి, షుగరొస్తుంది. అసలు జబ్బు ఉందో లేదో తేలాలంటే గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చెయ్యాలి. మందు పీల్పించాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో 70 శాతం కన్నా తక్కువ బయటికొస్తే గొట్టాలు మూసుకున్నట్టే.

ఈ జబ్బు పూర్తిగా పోదు. ఆ మాట దాచం. కానీ అదుపులో పెట్టొచ్చు. పొగ మానెయ్యడం మొదటి మందు, ఏ వయసులో మానినా లాభమే. ఇన్‌హేలర్‌ని చూసి "అలవాటైపోద్ది, అది ఆఖరి మందు" అని భయపెడతారు. నమ్మకండి. కొంచెం మందే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయే దారి అది. స్పేసర్ డబ్బా పెట్టి పీలిస్తే మందు నోట్లోనే ఆగిపోదు. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే పీల్చాక నోరు పుక్కిలించాలి. ఆయాసం తన్నుకొస్తే ముక్కుతో పీల్చి, ఈల వేసినట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలాలి. మంచం పట్టుకుని కూచోవద్దు, ఓపిక మేరకు రోజూ నడవాలి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్తే న్యుమోనియా టీకా వేయించుకోవాలి. తెమడ ఎక్కువైనా, రంగు మారినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి. పెదాలు నీలమైతే, మాట తడబడితే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇవన్నీ చెప్పడం తేలిక. చేసుకోనిస్తున్నారా? 1999లో దీపం అన్నారు, 2016లో ఉజ్జ్వల అన్నారు. 2024లో ఆంధ్రలో ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు, తెలంగాణలో 500 రూపాయలకే బండ అన్నారు. మంచిదే, కాదనం. అయితే నాలుగో బండకి కూలి డబ్బులు చాలని ఇంట్లో మళ్ళీ కట్టెలపొయ్యే కదా! బీపీ, షుగర్ల కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఇప్పుడు సీఓపీడీ కూడా ఉంది. అలాంటప్పుడు బీపీ బిళ్ళ ఇచ్చే చేత్తోనే ఇన్‌హేలర్ ఎందుకివ్వరు?

మేం అడిగేవి నాలుగే. మండలానికో స్పైరోమీటర్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఇన్‌హేలరూ స్పేసరూ. క్వారీలో నీళ్ళు కొడుతూ డ్రిల్లింగ్, మిల్లులో దుమ్ము లాగే యంత్రం. పనివల్ల వచ్చిన సీఓపీడీకి నష్టపరిహారం.

చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వాడలో దగ్గేవాళ్ళ పేర్లు రాయండి. ఎవరు ఏ పని ఎన్నేళ్ళు చేశారో పక్కనే రాయండి. ఆ కాయితం పట్టుకుని, వాళ్ళని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోండి. "ముసలితనం" అని చెప్పి పంపబోతే కదలకండి. ఊది చూపించాకే మాట్లాడమనండి.