మన వీధికో యోగా టీచరమ్మ

టీవీ ముందు చాప పరచుకుని ఆసనాలు వేసే ఆడవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో అయినా ఉన్నారు. మీరూ వాళ్లలో ఒకరై ఉండొచ్చు. కొన్నాళ్లు అలా వేశాక పక్కింటి వదిన వచ్చి "నాకూ కాస్త చూపించమ్మా, నడుం పట్టేస్తోంది" అంటుంది. ఆవిడ వెంట ఎదురింటి కోడలు. వాళ్లిద్దరూ అలవాటు పడేసరికి మీకు ఆలోచన వస్తుంది, "నేనే పదిమందికి చెబితే ఏం?" అని. మా లేపాక్షిలోనూ హిందూపురంలోనూ నన్ను ఈ మాట అడిగినవాళ్లు తక్కువేం కాదు. మా వీధిలో కొన్నేళ్లుగా చెబుతున్నాను గనక అడుగుతారు.

చెప్పండి, తప్పకుండా చెప్పండి. అయితే ఆసనం వేయడం వేరు, వేయించడం వేరు. ఇంట్లో నలుగురికి సంగటి కెలకడానికీ, పెళ్లిలో మూడొందల మందికి వండి వార్చడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా ఉంది. మీ నడుం ఎంత వంగుతుందన్నది వచ్చినవాళ్లకు అక్కర్లేదు. ఎదుట కూర్చున్న ఆవిడ నడుం ఎంతవరకు వంగొచ్చో, ఎక్కడ ఆగాలో మీకు తెలియాలి.

అది తెలియాలంటే అడగాలి. బీపీ ఉందా, షుగర్ ఉందా అని అందరూ అడుగుతారు. నేను మాత్రం ముందుగా "ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని అడుగుతాను. మన ఆడవాళ్లు దీనికి వెంటనే "ఏమీ లేదక్కా" అనేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు పాపం, వాళ్లకది లెక్కలోకే రాదు! పిల్లలెందరు, కాన్పులెక్కడ అయ్యాయి అని రెండు మాటలు కదిలిస్తే అప్పుడు బయటపడుతుంది. "కు.ని. ఆపరేషన్ అయింది, అది అందరికీ ఉండేదే కదక్కా" అంటారు. ఇంకాస్త ఆగితే, గొంతు తగ్గించి, "ముప్పై నాలుగో ఏట గర్భసంచి తీసేశారు" అంటారు.

ఇదేదో ఒకరిద్దరి సంగతి అనుకోకండి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 3 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన దగ్గరే! తర్వాతి స్థానం తెలంగాణది. ఇక కు.ని. ఆపరేషన్ అంటారా, 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మందికి అయి ఉంది. అంటే మీ ముందు ఇరవై మంది చాపలు పరచుకుని కూర్చుంటే, పద్నాలుగు మంది పొట్ట మీద ఏదో ఒక కుట్టు ఉన్నట్టే లెక్క వేసుకోండి.

మరి దీనికీ యోగాకీ ఏం సంబంధమంటే, చాలా ఉంది. గర్భసంచి తీసిన కొత్తలో ఆరు నుంచి ఎనిమిది వారాలదాకా పొట్ట మీద ఒత్తిడి పడే పనేదీ చేయకూడదని డాక్టర్లు చెబుతారు. బిందె ఎత్తొద్దన్నప్పుడు రెండు కాళ్లూ పైకెత్తే ఉత్తానపాదాసనం మాత్రం ఎట్లా వేయిస్తాం? ఆ గడువు దాటాక కూడా డాక్టరు సరేనంటేనే మొదలుపెట్టాలి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. అలాంటి ఆవిణ్ణి నలభై ఏళ్లే కదా అని "ఇంకా వంగు, ఇంకా వంగు" అని ముందుకు వంచకూడదు. వెన్నుపూస మీద భారం పడుతుంది. నిలబడి చేసేవీ, వెల్లకిలా పడుకుని నడుం మెల్లగా ఎత్తే సేతుబంధాసనం లాంటివీ ఆవిడకు నయం.

ఇంకొకటి ఉంది, ఎవరూ పైకి చెప్పనిది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా రెండు చుక్కలు పడిపోవడం. కాన్పుల వల్ల అడుగు కండరాలు వదులైతే వచ్చే తిప్పలిది. వీళ్లచేత టకటకా కపాలభాతి చేయిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మర్నాటి నుంచి ఆవిడ రాదు. ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పదు. "బద్ధకం" అని మనం పేరు పెట్టేస్తాం!

ఇందుకే మన వీధికి మన ఆడమనిషే టీచరు కావాలంటాను. 2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా ఒక్కసారే ఆసనాలు వేశారు, ప్రధానమంత్రి కూడా వచ్చారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. మంచిదే. కానీ మైకులో చెప్పే ఆయన "అమ్మా, మీకు గర్భసంచి ఉందా?" అని అడగలేడు కదా. మీరు అడగగలరు. కొళాయి దగ్గర, పూలు కట్టుకుంటూ, పొదుపు సంఘం మీటింగులో అడగగలరు. విన్నదాన్ని కడుపులో దాచుకోవడం కూడా తెలిసుండాలి, అది వేరే సంగతి. అది చేతకాకపోతే మాత్రం ఈ పని వద్దు.

ఒకప్పుడు ఇదంతా మగవాళ్ల విద్య. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య గారు యోగశాల నడిపితే నేర్చుకున్నవాళ్లు మగపిల్లలే. ఇంద్రాదేవి అని ఒక విదేశీ వనిత తానూ నేర్చుకుంటానంటే ఆయన మొదట ఒప్పుకోలేదట. మహారాజు మాట సాయం చేస్తేగానీ ఆమెకు ప్రవేశం దొరకలేదు. తర్వాత ఆమే హాలీవుడ్ వెళ్లి అక్కడివాళ్లకు నేర్పింది! కృష్ణమాచార్య శిష్యుడే బి.కె.ఎస్. అయ్యంగార్. మనకు పొరుగునే ఉన్న కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టారు. శరీరం వంగనివాళ్ల కోసం కుర్చీ, తాడు, చెక్కదిమ్మ ఆసరాగా పెట్టి ఆసనాలు వేయించే పద్ధతి తెచ్చినాయన ఆయనే. ఆయన కూతురు గీతా అయ్యంగార్ ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా పుస్తకం రాసింది. కాబట్టి మీ దగ్గరికి వచ్చే అరవై ఏళ్ల అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చేయిస్తే ఎవరూ వేలెత్తి చూపనక్కర్లేదు.

ఆసరా అంటే గుర్తొచ్చింది. మా వీరభద్రస్వామి గుళ్లో నాట్యమండపం స్తంభం మీద భృంగి మూడు కాళ్లతో ఉంటాడు. రంభకు నాట్యం నేర్పే గురువు ఆయన! వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడలేక ఊగిపోయేవాళ్లకు నేనదే చెబుతుంటాను, గురువుగారికే మూడో కాలు కావాల్సొచ్చింది, మీకు గోడ పట్టుకోవడానికి సిగ్గెందుకు అని.

మా వైపు ఆడవాళ్ల ఒళ్లు పనిని బట్టి ఉంటుంది. ధర్మవరంలో మగ్గాల ఇళ్లవాళ్లకు కండెలు చుట్టి చుట్టి భుజాలు పట్టేస్తాయి. హిందూపురంలో చింతపండు గింజ తీసేవాళ్లు రోజంతా తల వంచుకునే ఉంటారు. బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కేవాళ్లకు మెడా నడుమూ రెండూ పోతాయి. వజ్రాసనం, భద్రాసనం వీళ్లకు నేర్పక్కర్లేదు, కింద కూర్చునే బతుకే కదా. వెనక్కి విరుచుకునేవి కావాలి, భుజంగాసనం, అర్ధచక్రాసనం లాంటివి. మెడను గుండ్రంగా గిరగిరా తిప్పించొద్దు. ముందుకూ పక్కలకూ మెల్లగా చాలు.

షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ పొడిపించుకునో ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లుంటారు. మీ సంచిలో ఎప్పుడూ కాస్త చక్కెర పొట్లం ఉండాలి. బీపీ ఉన్నవాళ్లకు తలకిందుల ఆసనాలూ, ఊపిరి బిగబట్టడమూ వద్దు. కంట్లో నీటికాసులున్నవాళ్లకు తల కిందికి దించేవేవీ వద్దు. కడుపుతో ఉన్న అమ్మాయి వస్తే బోర్లా పడుకోబెట్టొద్దు. డాక్టరమ్మ సరేనన్నదా అని అడగండి. నెలసరి రోజుల్లో ఎవరిష్టం వారిది.

అన్నిటికన్నా ముఖ్యం, "థైరాయిడ్ మాత్రలు మానేసెయ్, యోగాతో పోతుంది" అని మాత్రం చచ్చినా అనకండి. యోగాతో నిద్ర పడుతుంది, పట్టేసిన ఒళ్లు సడలుతుంది, మనసు కుదుటపడుతుంది. అంతవరకు చెప్పండి చాలు. మాత్రల సంగతి డాక్టరుది.

ఇక నేర్చుకోవడం. కేంద్ర ఆయుష్ శాఖ కింద 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు వచ్చింది. అందులో మొదటి మెట్టు యోగా వాలంటీర్. దాని పైది ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, 200 గంటల చదువు. ఆపైన 400 గంటల వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్. పరీక్షలో రాసేదీ ఉంటుంది, చేసి చూపించేదీ ఉంటుంది. యోగా దినోత్సవం నాడు చేయించే 45 నిమిషాల వరస ఉంది చూడండి, తాడాసనంతో మొదలై ధ్యానం దాకా, కొత్తగా చెప్పేవాళ్లకు అంతకన్నా మంచి పాఠం లేదు. అందులో సూర్యనమస్కారాలు లేవు, శీర్షాసనం లేదు, భయపడాల్సినవి తక్కువ. ప్రార్థనతో మొదలవుతుంది. మా దగ్గరికి ముస్లిం అక్కచెల్లెళ్లూ వస్తారు గనక నేను ఒక నిమిషం మౌనం పెట్టిస్తాను. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలచుకుంటారు.

బాగా లోతుగా నేర్చుకోవాలంటే బెంగళూరు దగ్గర జిగణిలో ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం ఉంది. నెల రోజులు అక్కడే ఉండి నేర్చుకునే కోర్సు పెడతారు. హిందూపురంలో రైలెక్కితే బెంగళూరు రెండు మూడు గంటల దారే. కానీ నెల రోజులు ఇల్లు వదిలి వెళ్లడం మనలో ఎంతమందికి కుదురుతుంది చెప్పండి? పిల్లల సెలవుల్లో అమ్మగారింటికి పోయే నెలను దీనికి వాడుకోవచ్చన్నది నా ఉద్దేశం. అత్తగారితో మాత్రం ముందే మాట్లాడుకోండి.

డబ్బు సంగతి. ఆయుష్ డిస్పెన్సరీలను వెల్‌నెస్ సెంటర్లు చేసినప్పుడు యోగా చెప్పేవాళ్లకు పెట్టిన లెక్క చూడండి. మగవారికి నెలకు 32 క్లాసులు, 8,000 రూపాయలు. ఆడవారికి 20 క్లాసులు, 5,000 రూపాయలు. క్లాసుకు ఇద్దరికీ 250 రూపాయలే, కానీ క్లాసులే తక్కువ! వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే అయినప్పుడు ఈ లెక్క ఎవరు కట్టారో నాకర్థం కాదు.

వీధిలో చెప్పేదానికి ఫీజు తీసుకోవాలా వద్దా? తీసుకోండి. నేను నెలకు 100 రూపాయలు పెట్టాను. ఇవ్వలేనివాళ్లను అడగను, ఎవరివ్వలేదో ఎవరికీ తెలియనివ్వను. వచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా పైసా తీసుకోకపోతే ఇంట్లోవాళ్లకది మీ కాలక్షేపంగానే కనిపిస్తుంది. "ఈరోజు మానెయ్యరాదూ, చుట్టాలొస్తున్నారు" అంటారు. మీరు మానేస్తే పదిహేను మంది వెనక్కి పోతారు. రెండుసార్లు అలా పోతే మూడోసారి రారు.

టైము ఎప్పుడన్నది మీ వీధి చెబుతుంది. మాకు తెల్లవారుజామున కొళాయి నీళ్లు వస్తాయి గనక ఆ వేళ కుదరదు. పిల్లలు బడికి, మగవాళ్లు పనికి వెళ్లాక పదిన్నరకు పెట్టుకున్నాం. టిఫిను తిని రెండు గంటలైనా అయ్యుండాలి. చోటు ఎవరి పంచ అయినా ఫరవాలేదు, రోడ్డు మీదికి కనబడకుండా ఒక దుప్పటి కట్టండి. నైటీతో వచ్చినా, చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చినా రానివ్వండి. చుడీదారే వేసుకోవాలని రూలు పెడితే పెద్దవాళ్లు సగంమంది తగ్గిపోతారు.

మొదటి వారం ఎక్కువ చేయించకండి. కీళ్లు కదిలించడం, తాడాసనం, మకరాసనం, నాడీశోధన, చివర శవాసనం. చాలు. శవాసనంలో మీరు చెప్పే మాటలు ఎవరూ వినరు, సగంమంది గురక పెడతారు. పొద్దున నాలుగున్నరకు లేచినవాళ్లు మరి! టైమైపోయిందని చప్పట్లు కొట్టి లేపకండి. ఇంకో ఐదు నిమిషాలు పడుకోనివ్వండి.