చీమను చూచుట సోమరితనమా?

గోడవార చీమలబారును చూచుచు నిలిచిన బాలుని “పనిలేదా?” యని పెద్దలు గద్దింతురు. అట్లు చూచుటయే కొందఱు పండితులకు నిత్యకృత్యమని మేము మనవి చేయుచున్నాము.

జ్యూరిచ్ విశ్వవిద్యాలయపు రూడిగర్ వేనర్ గారు 1969 మొదలు పెక్కు వేసవులు ట్యునీషియా ఎడారిలో గడపిరి. నేలపై గళ్లు గీయుట, చీమకు రంగుచుక్క పెట్టుట, మండుటెండలో దానివెంట నడచుచు దాని త్రోవను గళ్లకాగితముపై గుర్తించుట: ఇదియే వారి దినచర్య. ఆకాశపు వెలుగులో మన కంటికి కానరాని యొక క్రమమునుబట్టి ఆ చీమ దిక్కు గ్రహించును. 2006లో వేనర్ గారును సహచరులును మేతకడకు చేరిన చీమల కాళ్లకు పందివెండ్రుకలతికించి పొడిగించిరి. అవి తిరుగుదారిలో పుట్టను దాటిపోయినవి; కాళ్లు కుఱుచ చేయబడినవి ముందే ఆగినవి. చీమ తన అడుగులనుబట్టి దూరమును కొలుచునని తేలినది.

ఇట్లు తెలిసినది సరియో కాదో యంత్రమును నడిపియు పరీక్షింపవచ్చును. 2019లో ఫ్రాన్సు దేశపు మార్సేయ్ నగరమున పండితులు ఆంట్‌బాట్ అను ఆఱుకాళ్ల రోబోటును ప్రకటించిరి. అది ఉపగ్రహముల సాయము లేకయే, ఆకాశపు వెలుగును, తన అడుగులను ఆధారము చేసికొని 14 మీటర్లవఱకు నడచి, బయలుదేరిన చోటికి మరల చేరినది.

పటము గీచి మార్కులు పొందినంతమాత్రమున చీమ తెలియదు. వారమునకొక గంట విద్యార్థులు పాఠశాలతోటలో ఒక్క పురుగును చూచి, చూచినది వ్రాయు ఏర్పాటు కావలెనని మా కోరిక. పరీక్షలకు కాలము చాలదని కొందఱందురు. కాని చూచుట, కొలుచుట, సరిచూచుకొనుట అను అలవాట్లు లేని శాస్త్రపాఠము కంఠపాఠమే. సామెతల గ్రంథము సోమరిని సైతము చీమయొద్దకు పంపినది; శ్రద్ధగల విద్యార్థికి ఆ దారి మూయుట న్యాయమా?