నాలుగు గొంతుల పాట ఎవరిది?

మా అంబర్‌పేటలో కొందరు విద్యార్థులు ఆదివారం ఆదివారం ఒకచోట చేరి, ఆఫ్రికా పాటలూ, అమెరికా నల్లజాతివారి గాస్పెల్ పాటలూ నాలుగు గొంతుల్లో పాడటం నేర్చుకుంటున్నారు. ఒక అభ్యుదయవాది, నాకు మిత్రుడే, ఆ సంగతి విని పెదవి విరిచాడు. "అది చర్చి సంగీతం కదయ్యా! బుర్రకథ ఉండగా ఈ అరువు సొమ్మెందుకు?"

ఈ మాట ఏ సనాతన పండితుడో అని ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాదు. అన్నవాడు మనవాడు.

చర్చి సంగీతమట! మన తెలుగు క్రైస్తవులు ఏం పాడుతున్నారో మిత్రుడు ఎన్నడైనా విన్నాడా? పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు కర్ణాటక రాగాల్లో ఉన్నాయి. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వాటిని గుంపుగా పాడుతూ వచ్చారు. అయినా ఆ పాట పరాయిదేనట! రాగం మనదే అయినప్పుడు పరాయిదేమిటి? పాడేవాడి పల్లె అన్నమాట. మిత్రుడు విరిచిన పెదవిలో కులం పాలెంతో ఆయనే తేల్చుకోవాలి.

ఇక ఆ పాటల చరిత్ర చూడండి. దక్షిణాఫ్రికాలో ఎనోక్ సొంటోంగా అనే మిషన్ బడి ఉపాధ్యాయుడు 1897లో కట్టిన ప్రార్థనగీతం నల్లవారి విముక్తి పోరాటానికి పాట అయింది. వర్ణవివక్ష ప్రభుత్వం పోయాక జాతీయగీతంలో చేరింది. 1945లో అమెరికాలోని చార్లెస్టన్ పొగాకు కార్ఖానా సమ్మెలో నల్లజాతి స్త్రీలు పాడిన చర్చి పాటే తర్వాత ఊరూరా తిరిగి, హిందీలో 'హమ్ హోంగే కామ్‌యాబ్' అయి మన బడిపిల్లల దాకా వచ్చింది. మిత్రుడు దాన్ని ఎన్ని సభల్లో పాడలేదు!

బుర్రకథను నేను తక్కువ చేయడం లేదు. ప్రజానాట్యమండలిలో నాజర్ కథ పట్టుకుంటే జనం కదిలిపోయేవారు. కథకుడు పలికితే వంతలు అందుకుంటారు. ఆఫ్రికా పాటలోనూ ఒకడు ఎత్తుకుంటే గుంపు బదులు పలుకుతుంది. తేడా ఏమిటంటే, మన గుంపు అంతా ఒకే స్వరం పాడుతుంది. అక్కడ ఒకరు షడ్జం పడితే మరొకరు గాంధారం, ఇంకొకరు పంచమం పడతారు. లావు గొంతులు అడుగున నిలుస్తాయి. మన ఊరేగింపుల్లో జరిగేదేమిటి? మైకు దగ్గర ఒకడు తన శ్రుతిలో పాడతాడు. ఆ శ్రుతి అందక ఆడపిల్లలు గొంతు చించుకుంటారు, లేదా మానుకుంటారు. దీన్నే మనం సామూహిక గానం అంటున్నాం.

చిక్కు లేకపోలేదు. గమకం ఉన్న రాగంమీద ఈ నిలకడ స్వరాలు మోటుగా పేరిస్తే రెండూ చెడతాయి. ఆ చిక్కుతోనే కుస్తీ పట్టినవాడు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టాడు, కమ్యూనిస్టు, సినిమాలకు సంగీతం కూర్చాడు. మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి భారతి పాటలను అనేక గొంతుల్లో పాడించాడు. 1988లో పోయాడు. చిత్తూరు బిడ్డ తమిళ పాటకు చేసిన పని తెలుగు పాటకు మనమెందుకు చేసుకోలేదు?

విద్యార్థులతోనూ నాకొక పేచీ ఉంది. పాట అర్థమూ, పుట్టుకా తెలియకుండా స్వరాలు మాత్రం వల్లిస్తున్నారు. ఇవాళ పెద్ద కంపెనీలు ఉద్యోగుల అలసట తీర్చడానికి చేయించే పని కూడా అదే. సమ్మెలో పుట్టిన పాటను సమ్మె ఊసెత్తకుండా నేర్పితే ఎట్లా?

వచ్చే ఆదివారం మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను. ఆయనది లావు గొంతు. అడుగు వరసకు మనిషి తక్కువగా ఉన్నాడు.