అట్ట మీద పేరు ఎవరిది?

1893 షికాగో అనగానే మనకు వివేకానందుడే గుర్తొస్తాడు. ఆ ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన ఆయన, సెప్టెంబరులో షికాగో సర్వమత సభలో మాట్లాడాడు. ఆ సభకు సందర్భం కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయినందుకు జరిపిన ప్రపంచ ప్రదర్శన. అక్కడ మాట్లాడే అవకాశం అందరికీ ఒకేలా దొరకలేదు.

తెల్లని భవనాల్లో యంత్రాలు, కళాఖండాలు కొలువుదీరాయి. వాటికి దూరంగా, మిడ్‌వే అనే వినోదాల వీథిలో ఆఫ్రికాలోని డహోమీ, ఆసియాలోని జావా ప్రజలను చూపే గ్రామాలు వెలిశాయి. ఏ జాతి ఎంత ‘ఎదిగిందో’ చూపరులకు నడకలోనే బోధపడాలన్నట్టుగా ఉంది ఆ అమరిక. బానిసత్వం పోయి దాదాపు మూడు దశాబ్దాలైనా నల్లజాతి అమెరికన్ల కృషికి అందులో తగిన చోటు లేదు.

బానిసగా పుట్టి మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ అక్కడ నిలబడింది హైతీ ప్రతినిధిగా. సొంత దేశం ఇవ్వని గౌరవాన్ని, బానిసల తిరుగుబాటుతో 1804లో స్వతంత్రమైన దేశం ఇచ్చింది. ప్రదర్శనలోని ఆ హైతీ భవనం నుంచే నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఒక చిన్న పుస్తకాన్ని పంచింది. ఈ ప్రదర్శనలో నల్లవారు ఎందుకు లేరో, దేశంలో మూకహత్యలు ఎలా సాగుతున్నాయో అందులో ఉంది. విదేశీ సందర్శకుల కోసం మొత్తం అనువదించాలనుకున్నారు. డబ్బు చాలక ముందుమాట ఒక్కటే ఇంగ్లీషుతోపాటు ఫ్రెంచి, జర్మన్ భాషల్లో వచ్చింది.

పొటవాటమీ ఆదివాసీ నాయకుడు సైమన్ పొకాగన్ తన నిరసనను భూర్జపత్రాల మీద అచ్చు వేయించాడు. షికాగో నగరం లేచింది అతని జాతివారి నేల మీదే.

మానవశాస్త్ర విభాగం కోసం కెనడా పశ్చిమతీరం నుంచి క్వాకియుట్ల్ ఆదివాసీ కళాకారులను తెచ్చారు. వారితో వచ్చిన జార్జ్ హంట్‌కు మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ అక్కడే వారి క్వాక్‌వాలా భాషను అక్షరాల్లో పెట్టే పద్ధతి నేర్పాడు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో హంట్ వేల పుటల కథలు, ఆచారాలు రాసి పంపాడు. కొన్ని సంపుటాల మీద ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఖ్యాతి మాత్రం ఎక్కువగా బోయాస్‌కే దక్కింది.

ఆటపాటలకు వేదిక ఇచ్చినంత తేలిగ్గా రచనకు ఎవరూ చోటివ్వరు. అట్టడుగు జనం సాహిత్యాన్ని ఆదరిస్తున్నామని చెప్పుకునే ముందు, పత్రికలు నడిపే మేమూ రెండు లెక్కలు తేల్చుకోవాలి: అనువాదానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు, అట్ట మీద పేరు ఎవరిది?